కాలిలో రాడ్ వేశాక ఎముక అతుక్కునే దాకా: ఎప్పుడు ఏం చేయాలి

మోకాలి కింద ఎముక విరిగి, లోపల రాడ్ వేసి ఇంటికి పంపారంటే ఆ సాయంత్రం నుంచే చూడ్డానికి వచ్చినవాళ్ల సలహాలు మొదలవుతాయి. "రాడ్ పడింది కదా, ఇక భయం లేదు, లేచి తిరుగు" అని ఒకరు. "మూడు నెలలు కాలు నేలకి తగలనివ్వకు" అని ఇంకొకరు. ఈ రెండు సలహాల్లో ఎక్కువ నష్టం చేసేది రెండోదని నా అభిప్రాయం. భయంతో మంచానికే పరిమితమైన కాలు ఎముక అతుక్కునేలోపే సన్నబడిపోతుంది, చీలమండ బిగుసుకుపోతుంది.

రాడ్ ఎముకను అతికించదు. విరిగిన ముక్కలు పక్కకు జరగకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అతుక్కోవడం ఎముక చేసుకునే పని. ఆ పనికి రక్తం అందాలి, తిండి అందాలి, సరైన సమయంలో సరైన బరువు పడాలి. ఇక్కడ రాసిందానికీ మీ సర్జన్ చెప్పినదానికీ తేడా ఉంటే సర్జన్ మాటే వినండి. మీ ఎక్స్‌రే చూసింది ఆయనే.

ముందు, లోపల ఏం చేశారో తెలుసుకోండి

మోకాలికీ చీలమండకీ మధ్య రెండు ఎముకలుంటాయి. ముందువైపు చర్మం కిందే చేతికి తగిలే లావుపాటిది టిబియా, బయటివైపు ఉండే సన్నటిది ఫిబులా. ఒంటి బరువులో చాలా భాగం మోసేది టిబియానే. అందుకే నడిమి భాగంలో రెండూ విరిగినా చాలాసార్లు టిబియాకి మాత్రం రాడ్ వేసి ఫిబులాను వదిలేస్తారు. అది దానంతట అదే అతుక్కుంటుంది. "రెండో ఎముకకి ఏమీ వేయలేదు, మర్చిపోయారేమో" అని టెన్షన్ పడక్కర్లేదు. చీలమండ దగ్గర విరిగితే మాత్రం లెక్క వేరు, అప్పుడు ఫిబులాకీ ప్లేటు పడవచ్చు.

టిబియాతో ఉన్న చిక్కు దాని మీద కండ లేకపోవడం. ముందువైపు, లోపలివైపు దాదాపు చర్మమే. కండ లేని వైపు నుంచి రక్తమూ తక్కువే అందుతుంది. అందుకే బైక్ మీంచి పడినప్పుడు ఈ ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చే ప్రమాదం ఎక్కువ, అతుక్కోవడానికి పట్టే టైమూ ఎక్కువ.

రాడ్‌ను మోకాలి చిప్ప దిగువన, కొందరికి చిప్ప పైన, కోత పెట్టి ఎముక పైకొసలోంచి లోపలికి దించుతారు. మూలుగ ఉండే దారి వెంట అది చీలమండ దగ్గరి దాకా వెళ్తుంది. పైన, కింద అడ్డంగా స్క్రూలు బిగిస్తారు, వీటిని లాకింగ్ స్క్రూలు అంటారు. రాడ్ టైటానియంది గానీ స్టీలుది గానీ అయి ఉంటుంది, మందం సాధారణంగా 8 నుంచి 11 మిల్లీమీటర్లు. మూలుగ దారిలో రాడ్ దించే ఈ పద్ధతికి పేరు తెచ్చింది జర్మనీ సర్జన్ గెర్హార్డ్ క్యూంచర్. 1939లో ఆయన తొడ ఎముకలో ఇలా రాడ్ వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి విడుదలై వచ్చిన ఖైదీ సైనికుల తొడల్లో ఆ రాడ్లను చూసే మిగతా దేశాల డాక్టర్లకు ఈ సంగతి తెలిసింది.

ఈ ఆపరేషన్‌లో విరిగిన చోటును సాధారణంగా తెరవరు. అక్కడ గడ్డకట్టిన రక్తం అక్కడే ఉండిపోతుంది. ఎముక పనిచేసుకోవడానికి మొదటి సరుకు అదే. మొదటి వారం పది రోజులు వాపు, నొప్పి, కొత్త రక్తనాళాలు మొలవడం. తర్వాతి వారాల్లో విరిగిన కొసల చుట్టూ మెత్తటి పదార్థం పేరుకుంటుంది. దాన్నే క్యాలస్ అంటారు. అందులో సున్నం చేరి గట్టిపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ ఉబ్బెత్తు మళ్లీ మామూలు ఎముక ఆకారంలోకి అరిగి సర్దుకోవడానికి ఏడాది, కొందరికి అంతకంటే ఎక్కువ. క్యాలస్ పెరగడానికి విరిగిన చోట కొద్దిపాటి కదలిక, కొద్దిపాటి ఒత్తిడి కావాలి. రాడ్ ఆ వీలు కల్పిస్తుంది. బరువు మోపమని చెప్పేది అందుకే.

డిశ్చార్జి రోజున ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి:

1. నా ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చిందా, లోపలే విరిగిందా?
2. విరిగింది నడిమిలోనా, మోకాలి దగ్గరా, చీలమండ దగ్గరా? కీలు లోపలికి చీలిక వెళ్లిందా?
3. రెండు కొసలూ ఒకదానికొకటి ఆనుకున్నాయా, ముక్కలు ముక్కలైందా, మధ్యలో ఖాళీ ఉందా?
4. ఈ రోజు నుంచి ఎంత బరువు మోపవచ్చు?

నాలుగో దానికి "కొంచెం కొంచెంగా" అని జవాబు వస్తే ఒప్పుకోకండి. ఎన్ని కిలోలో అడగండి. డిశ్చార్జి సమ్మరీతో పాటు రాడ్, స్క్రూల మీద ఉన్న కంపెనీ స్టిక్కర్ కూడా ఫైల్లో ఉందో లేదో చూసుకోండి. ఎప్పుడైనా వేరే ఊళ్లో రాడ్ తీయించాల్సి వస్తే, ఏ పరికరాలు కావాలో ఆ డాక్టర్‌కి చెప్పేది ఆ స్టిక్కరే.

మొదటి రెండు రోజులు: ఒక్క ప్రమాదాన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి

ఆసుపత్రిలో ఉన్నప్పుడే పిక్క రాయిలా గట్టిపడి, సూదిమందు ఇచ్చినా తగ్గని నొప్పి గంటగంటకీ పెరుగుతూ, ఎవరైనా కాలి వేళ్లను పైకి లాగితే ప్రాణం పోయేంత బాధ అనిపిస్తే వెంటనే నర్సును పిలవండి. అర్ధరాత్రి అయినా మొహమాటపడకండి. పిక్కలోని కండరాల గదుల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడకపోవడం ఇది, కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. గంటల్లో ఆపరేషన్ చేసి ఒత్తిడి తగ్గించకపోతే కండరం చచ్చిపోతుంది. "ఆపరేషన్ అయింది కదా, నొప్పి ఉంటుందిలే" అని పక్కన ఉన్నవాళ్లు సర్దిచెప్పే సందర్భం కాదిది.

ఇంటికి వచ్చాక, కుట్లు విప్పే దాకా

పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. ఒక దిండు చాలదు, రెండు మూడు పెట్టండి. దిండ్లు పిక్క కింద పొడవునా ఉండాలి, మడమ మాత్రం గాలిలో తేలాలి. మడమ పరుపుకి ఒత్తుకుంటే రెండు రోజుల్లోనే అక్కడ పుండు పడుతుంది. సుఖంగా ఉందని మోకాలి కింద ఒక్కటే దిండు పెట్టి మడిచి ఉంచేవాళ్లు చాలామంది. అలా వదిలేస్తే మోకాలు పూర్తిగా చాచడం కష్టమవుతుంది.

మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాన్ని పైకి, కిందికి ఇరవై సార్లు ఆడించండి. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ దీనికి రెండు లాభాలున్నాయి. పిక్క సిరల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది, చీలమండ బిగుసుకోకుండా ఉంటుంది. పట్టించుకోని పాదం దుప్పటి బరువుకి ముందుకి వాలిపోయి అలాగే ఉండిపోతుంది. నెల తర్వాత నిలబడదామంటే మడమ నేలకి ఆనదు. పాత తువ్వాలు పాదం ముందు భాగానికి తగిలించి, రెండు చేతులతో మీ వైపుకి లాగి ముప్పై లెక్కపెట్టే దాకా పట్టుకోండి. రోజుకి మూడు నాలుగుసార్లు.

మోకాలు మడవడం, చాచడం కూడా డాక్టర్ వద్దనకపోతే మర్నాటి నుంచే మొదలుపెట్టవచ్చు. కాలు చాపి, తొడ కండరాన్ని బిగించి అయిదు లెక్కపెట్టి వదలండి. అది వచ్చాక కాలును నిటారుగా అడుగు ఎత్తు లేపండి. లేపితే రాడ్ ఊడిపోతుందేమో అనే భయం వద్దు, రెండు వైపులా స్క్రూలున్నాయి.

కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజులకు విప్పుతారు. అప్పటిదాకా కట్టు తడవకూడదు. స్నానానికి ముందు కాలికి ప్లాస్టిక్ కవర్ తొడిగి పైన టేపు వేసుకుని, స్టూలు మీద కూర్చుని పోసుకోండి. పసుపు, కొబ్బరినూనె, ఎవరో ఇచ్చిన పౌడరు, ఏదీ కుట్ల మీద పడనివ్వకండి. రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్ గానీ మాత్ర గానీ రాసి ఉంటే చెప్పినన్ని రోజులూ వాడండి. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపే మందు కాదది.

పిక్క హఠాత్తుగా వాచి, పట్టుకుంటే నొప్పిగా ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి అందకపోయినా, గుండెల్లో పోటు వచ్చినా 108కి ఫోన్ చేయండి. సిరలో గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉండవచ్చు. జ్వరం, కుట్ల దగ్గర ఎర్రబడటం, చీము, దుర్వాసన కనిపిస్తే "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనకండి. రాడ్ ఉన్న కాలికి పట్టిన ఇన్ఫెక్షన్‌ను మొదటి వారంలో అదుపు చేయడం వేరు, మూడు నెలల తర్వాత చేయడం వేరు.

బరువు మోపడం: అసలు పని ఇదే

నడిమి భాగంలో విరిగి, కొసలు బాగా ఆనుకుని ఉంటే, తట్టుకోగలిగినంత బరువు వెంటనే మోపమని ఇప్పుడు చాలామంది సర్జన్లు చెబుతున్నారు. కీలు లోపలికి చీలిక వెళ్లినా, ఎముక నుజ్జయి కొసల మధ్య ఖాళీ ఉన్నా ఆరు వారాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ ఆగమంటారు. పక్కింటాయనకి వారానికే నడవమన్నారు, మీకు నెలన్నర ఆగమన్నారంటే డాక్టర్లలో తేడా కాకపోవచ్చు, ఎముక విరిగిన తీరులో తేడా.

"ఇరవై కిలోలు మోపండి" అన్నారనుకుందాం. ఇరవై కిలోలంటే కాలికి ఎలా అనిపిస్తుందో ఎవరికీ తెలియదు. బరువు చూసుకునే మెషిన్ ఒకటి తెచ్చుకోండి. పక్కన అదే ఎత్తు వచ్చేలా పాత పుస్తకాలో పీటో పెట్టండి. మంచి కాలు పుస్తకాల మీద, ఆపరేషన్ అయిన కాలు మెషిన్ మీద ఉంచి, వాకర్ పట్టుకుని నిలబడండి. మెల్లగా ఒంటిని ఆ కాలి వైపు వంచుతూ ముల్లు ఇరవై దగ్గరికి వచ్చే దాకా తీసుకెళ్లండి. అక్కడ ఆగి అరికాలికి, మోకాలికి ఎలా ఉందో గమనించండి. వెనక్కి రండి, మళ్లీ వెళ్లండి. ఈసారి ముల్లు చూడకుండా ఇరవై అనుకున్న చోట ఆగి, తర్వాత తల దించి చూడండి. మొదట్లో కొందరు ఎనిమిది కిలోల దగ్గరే ఆగిపోతారు, కొందరు నలభై దాటేస్తారు. ఉదయం, సాయంత్రం చేస్తే రెండు మూడు రోజుల్లో అంచనా కుదురుతుంది. బరువు పెంచమన్నప్పుడల్లా కొత్త అంకెతో మళ్లీ ఇదే.

చంక కర్రలు వాడుతుంటే కర్ర పైభాగానికీ చంకకీ మధ్య రెండు మూడు వేళ్లు దూరాలి. బరువు అరచేతుల మీద పడాలి, చంకల మీద కాదు. చంకలో ఒత్తుకుంటే అక్కడి నరం దెబ్బతిని మణికట్టు వాలిపోతుంది. పిడి పట్టుకున్నప్పుడు మోచేయి కాస్త వంగి ఉండే ఎత్తులో సరిచేయించుకోండి. కర్రల అడుగున రబ్బరు బుడిపెలు అరిగితే వెంటనే మార్చండి. మన ఇళ్లలోని నున్నటి గ్రానైటు, టైల్స్ మీద నీటిచుక్క చాలు జారడానికి.

మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దాని వెనక దెబ్బ తగిలిన కాలు, కర్రలు. దిగేటప్పుడు ముందు కర్రలు, దెబ్బ తగిలిన కాలు, తర్వాత మంచి కాలు. ఒక్క కర్రకి మారాక దాన్ని దెబ్బ తగిలిన కాలి వైపు కాకుండా మంచి కాలి వైపు చేతిలో పట్టుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, సినిమాల్లో కూడా అలాగే చూపిస్తారు.

నడకలో మడమ ముందు ఆనాలి, తర్వాత అరికాలు, చివర వేళ్లు. వేళ్ల మీద గెంతుతూ నడిచే అలవాటు పడిందంటే ఎముక అతుక్కున్నాక కూడా ఆ కుంటు పోదు. వాకర్‌తో నాలుగడుగులు సరిగా వేయడం, కర్ర లేకుండా నలభై అడుగులు కుంటుతూ వేయడం కన్నా మేలు.

నొప్పిని ఎలా లెక్కేయాలి? నడిచాక పిక్కలో, మోకాలి చుట్టూ సలుపు వచ్చి రాత్రి పడుకుంటే తగ్గిందంటే పర్వాలేదు, కండరం పనిచేస్తోంది. సాయంత్రానికి పాదం వాచి తెల్లారేసరికి తగ్గడం నెలల తరబడి ఉండవచ్చు, అదీ మామూలే. విరిగిన చోట వేలు పెట్టి చూపించగలిగేలా ఒకే చోట నొప్పి, అదీ రోజురోజుకీ పెరుగుతూ ఉంటే ఆగి డాక్టర్‌కి చూపించండి.

ఎక్స్‌రే మీరే చదవడం నేర్చుకోండి

సాధారణంగా ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆ తర్వాత నెలకో రెండు నెలలకో ఎక్స్‌రే తీస్తారు. ఓపీలో డాక్టర్ మీకు ఇచ్చేది కొద్ది నిమిషాలే. ఆలోపు ఏం అడగాలో తెలియాలంటే ఇంట్లోనే ఒకసారి చూసుకుని వెళ్లండి. ఆపరేషన్ మర్నాటి ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే రెండూ కిటికీ వెలుతురుకి పక్కపక్కన పట్టుకోండి. ఒక్కదాన్నే చూస్తే ఏమీ అర్థం కాదు, పోలిస్తేనే తెలుస్తుంది.

ముందు నుంచి తీసిన ఫిల్ములో ఎముకకి రెండు అంచులు కనిపిస్తాయి, లోపలిది, బయటిది. పక్క నుంచి తీసిన దాంట్లో ఇంకో రెండు, ముందుది, వెనకది. మొత్తం నాలుగు గోడలు. విరిగిన గీత దగ్గర ఒక్కో గోడనూ విడిగా చూడండి. గీత స్పష్టంగా ఉండి చుట్టూ ఏమీ లేకపోతే 1 మార్కు. గీత పక్కన మసకగా తెల్లటి ఉబ్బు వచ్చి, గీత ఇంకా కనిపిస్తుంటే 2. ఆ ఉబ్బు అటు నుంచి ఇటు కలిసిపోయి గీత మాయమైతే 3. నాలుగు గోడలకూ కలిపి తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 12. డాక్టర్లు వాడే ఈ లెక్కను రస్ట్ స్కోర్ అంటారు, 2010లో వచ్చింది. నాలుగింట్లో మూడు గోడలు కలిసి, ఆ కాలి మీద నిలబడి నడిస్తే విరిగిన చోట నొప్పి లేకపోతే అతుక్కున్నట్టేనని చాలామంది సర్జన్లు లెక్కేస్తారు. మీరు వేసిన మార్కులు డాక్టర్ మార్కులతో సరిపోకపోవచ్చు, ఫర్వాలేదు. "పోయినసారికీ ఇప్పటికీ ఏ గోడ మారింది?" అని అడగగలిగితే చాలు.

నాలుగో వారం ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోతే దిగులుపడకండి. క్యాలస్ మొదట మెత్తగా ఉంటుంది, సున్నం చేరే దాకా ఎక్స్‌రేకి దొరకదు. వెనక గోడ తరచూ ముందు గోడ కన్నా తొందరగా కలుస్తుంది, కారణం వెనక పిక్క కండ, దాని రక్తం. ముందు గోడ చిట్టచివర కలవడం ఈ ఎముకలో తరచూ కనిపించేదే.

ఎముక చూశాక స్క్రూలు చూడండి. ఏదైనా వంగిందా, విరిగిందా, దాని చుట్టూ నల్లటి అంచు ఏర్పడిందా? స్క్రూ ఒకటి విరిగినంత మాత్రాన కొంప మునగదు. ఒక్కోసారి దాంతో కొసలు దగ్గరై ఎముక ఇంకా బాగా అతుక్కుంటుంది. కానీ డాక్టర్ దృష్టికి తేవాలి. సైకిల్ చువ్వను అటూ ఇటూ పదే పదే వంచితే ఎలా తెగుతుందో, ఎముక కలవకుండా నెలల తరబడి ఒత్తిడి పడితే స్క్రూ, చివరికి రాడ్ కూడా అలాగే అలసి విరుగుతాయి. అతుక్కున్న ఎముకలో రాడ్‌కి ఆ పని పడదు.

ఎంతకాలం?

లోపలే విరిగిన నడిమి ఎముక అయితే నాలుగైదు నెలలు. చర్మం చీల్చుకుని వచ్చినదైతే ఆరు నెలలు, అంతకు మించి కూడా. "మూడు నెలల్లో సరే" అన్న మాట చేతి ఎముకల నుంచి వచ్చి ఉంటుంది, ఈ ఎముకకి పెట్టుకునే గడువు కాదు.

తిండి విషయం, పథ్యం విషయం

పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు వాపు తెస్తుందని ఒక్కొక్కటే తీసేసి చివరికి చారన్నం మిగిల్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గాయం మానడానికి, క్యాలస్ పెరగడానికి ముందు కావాల్సింది మాంసకృత్తులు. వాటినే ఆపేసి సూపులు తాగిస్తే ఏం లాభం? రోజూ రెండు గుడ్లు, ఒక గిన్నెడు గట్టి పప్పు, పెరుగు, వీలైతే చేపో కోడి మాంసమో పెట్టండి. శాకాహారులు పప్పు, పెసలు, శనగలు, పనీర్, సోయా పెంచుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి తినాలి.

పెద్దవాళ్లకు రోజుకి వెయ్యి మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పాయి. అరలీటరు పాలల్లో దాదాపు ఆరొందలు వస్తుంది. వంద గ్రాముల రాగిపిండిలో మూడొందల యాభై దాకా ఉంటుంది. నువ్వుల పొడి, మునగాకు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు మిగతాది నింపుతాయి. మేక కాళ్ల సూప్ మీద మన నమ్మకం పెద్దది గానీ, అందులోకి దిగే క్యాల్షియం చాలా కొంచెం. నచ్చితే తాగండి, దాన్ని నమ్ముకుని పాలు మానకండి. నల్లేరు పచ్చడి సంగతీ అంతే. ఎముకలకు నల్లేరు వాడకం ఆయుర్వేదంలో పాతదే, దాని మీద చిన్నచిన్న పరిశోధనలూ ఉన్నాయి. కూరగా తింటే తినండి, క్యాప్సూళ్లు మింగే ముందు డాక్టర్‌కి చెప్పండి.

విటమిన్ డి పరీక్ష ఒకసారి చేయించండి. తక్కువ ఉంటే 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికి ఒకటి చొప్పున రాస్తారు. వారానికి ఒకటి. దాన్ని రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. క్యాల్షియం మాత్రను ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి. థైరాయిడ్ మాత్రకీ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

బీడీ, షుగర్, నొప్పి మాత్రలు

సిగరెట్, బీడీ మానండి. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, ముందే రక్తం తక్కువున్న ఎముక ఇది. పొగతాగేవాళ్లకు అతుక్కోవడం ఆలస్యమవుతుందని, అసలు అతుక్కోకపోయే అవకాశం పెరుగుతుందని చాలా పరిశోధనల్లో తేలింది. పొగ లేదు కదా అని ఖైనీ, గుట్కా నములుతున్నారా? నికోటిన్ అందులోనూ ఉంది. షుగర్ ఉన్నవాళ్లు మూడు నెలల సగటు చూసుకుని మందులు సరిచేయించుకోండి.

నొప్పికి ముందు పారాసిటమాల్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి డాక్టర్ రాసినన్ని రోజులు వాడితే సరే. మందుల షాపులో అడిగి నెలల తరబడి మింగితే కడుపుకీ కిడ్నీకీ చేటు, ఎముక అతుకును నిదానింపజేస్తాయన్న అనుమానం కూడా ఉంది.

నాటు కట్టు

పుత్తూరు కట్టుకి మన దగ్గర తరాల నాటి పేరుంది. ఆ చర్చ ఇక్కడ వద్దు. కానీ లోపల రాడ్ ఉన్న కాలికి పైన వెదురు బద్దలు బిగించడం, నూనె పట్టించి విరిగిన చోట గట్టిగా మర్దన చేయించడం రెండూ చేయకండి. కదలకుండా పట్టి ఉంచే పని రాడ్ చేస్తూనే ఉంది. బిగుతు కట్టు వల్ల వచ్చేది రక్తం ఆడకపోవడం, చర్మం మీద పుండు.

ఇంట్లో, బండి మీద

ఈ ఆపరేషన్ తర్వాత ఎముక కన్నా ఎక్కువ కాలం సతాయించేది మోకాలి ముందు నొప్పి. రాడ్ దించిన దారి మోకాలి చిప్ప దగ్గరిదే కదా. చాలామందికి ఎంతో కొంత ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు, గొంతుకు కూర్చుని లేచేటప్పుడు, ముఖ్యంగా మోకాళ్ల మీద వంగినప్పుడు తెలుస్తుంది. నమాజుకీ ప్రార్థనకీ కొన్నాళ్లు కుర్చీ వాడండి. ఇంట్లో నేల మరుగుదొడ్డి ఉంటే దాని మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ మందుల షాపుల్లో, సర్జికల్ షాపుల్లో దొరుకుతుంది, ఆపరేషన్‌కి ముందే కొనిపెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. బాసింపట్టు వేసుకోవడం మెల్లగా వస్తుంది, బలవంతంగా మోకాలు నొక్కి కూర్చోబెట్టే పని పెట్టుకోవద్దు.

బండి నడపడానికి తొందరపడకండి. కర్ర లేకుండా నడవగలగాలి, నొప్పి లేకుండా గట్టిగా బ్రేకు తొక్కగలగాలి, ఎర్రలైటు దగ్గర ఆ కాలి మీదే బండి ఆపి నిలబడగలగాలి. ఈ మూడూ వచ్చాక డాక్టర్‌ని అడగండి.

మూడు నెలలైంది, ఏమీ కలవలేదు. ఏం చేయాలి?

ముందు, రెండో ఆపరేషన్‌కి పరిగెత్తకండి. టిబియా రాడ్ల మీద 2008లో స్ప్రింట్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు ప్రచురించారు. పన్నెండొందల మందికి పైగా రోగులను ఏడాది పాటు గమనించారు. అందులో పెట్టుకున్న ఒక నియమం ఏమిటంటే, ఇన్ఫెక్షన్ లాంటి కారణాలుంటే తప్ప, అతుక్కోలేదన్న ఒక్క కారణంతో ఆరు నెలల లోపు మళ్లీ కత్తి పెట్టకూడదని. అలా ఓపిక పట్టడం వల్ల చాలామందికి రెండో ఆపరేషన్ అవసరమే రాలేదు.

ఓపిక అంటే ఊరికే కూర్చోవడం కాదు. మూడో నెలలో సర్జన్‌తో కూర్చుని కారణం వెతకండి. ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్త పరీక్షలు, విటమిన్ డి, షుగర్, పొగ, నిజంగా బరువు మోపుతున్నారా లేదా. తొమ్మిది నెలలు గడిచి, చివరి మూడు నెలల ఎక్స్‌రేల్లో ఏ మార్పూ లేకపోతే దాన్ని నాన్ యూనియన్ అంటారు. కొసల మధ్య పెద్ద ఖాళీ ఉన్నా, రాడ్ విరిగినా అంతదాకా ఆగరు.

అప్పుడు దారులున్నాయి. ఒకవైపు లాకింగ్ స్క్రూలు తీసేస్తే, నడిచేటప్పుడు కొసలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. దీన్ని డైనమైజేషన్ అంటారు, చిన్న పని, కానీ అడ్డంగా విరిగి నిలకడగా ఉన్న ఎముకకే పనికొస్తుంది. రెండోది, పాత రాడ్ తీసి, మూలుగ దారిని ఇంకాస్త తొలిచి, ఒకటి రెండు మిల్లీమీటర్లు లావు రాడ్ వేయడం. తొలిచినప్పుడు రాలే ఎముక పొడి విరిగిన చోట చేరి ఎరువు పని కూడా చేస్తుంది. ఖాళీ ఉంటే తుంటి ఎముక నుంచి కొంత తీసి నింపుతారు. ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాని సంగతి చూశాకే మిగతావన్నీ.

రాడ్ తీయించాలా?

తీయించి తీరాలన్న రూలేమీ లేదు. ఇబ్బంది లేకపోతే జీవితాంతం ఉంచుకోవచ్చు. ఎయిర్‌పోర్టులో మెషిన్ మోగితే కాలు చూపించి చెప్పండి. ఎమ్మారై తీయించేటప్పుడు రాడ్ ఉందని ముందే చెప్పి, ఇంప్లాంట్ స్టిక్కర్ చూపించండి. మామూలుగా అడ్డేమీ ఉండదు.

స్క్రూ తల చర్మం కింద గుచ్చుకుంటున్నా, మోకాలి నొప్పి బాగా బాధిస్తున్నా తీయించుకోవడం గురించి ఆలోచించవచ్చు. అదీ ఎముక పూర్తిగా అతుక్కున్నాక, సాధారణంగా ఏడాదో ఏడాదిన్నరో గడిచాక. ఒక మాట ముందే తెలిసి ఉండాలి: రాడ్ తీసినా మోకాలి నొప్పి అందరికీ పోదు. కొందరికి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉంటుంది. తీసిన మర్నాడే నడవొచ్చు గానీ, స్క్రూలు ఉన్న చోట రంధ్రాలు పూడటానికి వారాలు పడుతుంది. ఆలోపు దూకడం, క్రికెట్, కబడ్డీ, బరువులెత్తడం పెట్టుకోకండి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో రాడ్ తీసిన డాక్టర్‌నే తేదీ అడిగి రాయించుకోండి.